మా బావ ఎలుక కడుపులో విషం

నమోదు 1, సోమవారం

ప్రతిరూపశాల అధికారి రోజూ దినచర్య రాయాలి. రాసినదాన్ని ఎవరూ చదవకూడదు. రెండూ నిబంధనల్లోనే ఉన్నాయి. ఆ రెండో నిబంధన పెట్టిన మహానుభావుడెవరో గానీ చేతులెత్తి దండం పెట్టాలి. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నా కడుపుమంటంతా ఇందులోనే కక్కుకుంటున్నాను.

పొద్దున గూళ్లు కడిగించి, రంపపు పొట్టు మార్పించి, చోడిపిండి ఉండలు వేయించాను. తర్వాత సందర్శన వేళ. మా ఆరో అద్దాల కప్పు కింద బతికే జనానికి దేనికీ తీరిక ఉండదు, ఎలుకను చూసుకోవడానికి తప్ప. ఎవరి ఎలుకను వాళ్లు చూసుకుని వెళ్లిపోతే బాగుండును. పక్కవాళ్ల ఎలుక నిగనిగలాడుతుంటే మొహాలు మాడ్చుకుంటారు. ఇవాళ ఒకావిడ తన ఎలుక లావెక్కిందని నా మీద ఎగిరింది. "నాను కడుపు మాడ్చుకుని సస్తంటే దీనికి అంతంత మేత ఎందుకేస్తన్నారమ్మా" అంది. ఆవిడ కడుపు మాడ్చుకుంటున్న సంగతి ఆవిడ చెబితే తప్ప ఎవరికీ తెలియదు.

ఈ కప్పు కింద పుట్టిన ప్రతి మనిషికీ ఒక ఎలుక. ప్రతి అమావాస్యకీ మేళవింపు చేస్తాం. అంటే మనిషి దొడ్డికెళ్లినదాంట్లోంచి బియ్యపు గింజంత తీసి ఆ మనిషి ఎలుక మేతలో కలుపుతాం. మనిషి కడుపులో ఏ క్రిములుంటే ఎలుక కడుపులోనూ అవే ఉండాలని. ఎలుకకు ముందు జబ్బు చేస్తే మనిషి జాగ్రత్తపడొచ్చు. మొదట్లో ఇంతే. తర్వాత ఎవరో తెలివైనవాళ్లు, ఎలుకకు ఏది జరిగితే మనిషికీ అది జరిగినట్టేనని చట్టం చేశారు. ముసలి ఎలుక పోకముందే దాని పేరును పిల్ల ఎలుకకు మార్చడం అప్పటినుంచి నా పనుల్లో ముఖ్యమైనదైంది.

ఇక అసలు సంగతి. గూటికొక ఎలుక చొప్పున తీసిన పరీక్షల్లో నాలుగో గూటి ఎలుక కడుపులో గీకుడు క్రిమి కనిపించింది. అది విషం తయారుచేస్తుంది. ఆ విషం పేగు గోడను లోపలినుంచి గీకుతూ ఉంటుంది. ఎలుకలో గీకుడు క్రిమి ఉంటే మనిషిని వచ్చే అమావాస్యలోగా కప్పు దాటించి బయట గట్టు మీదికి పంపేయాలి. ఒక దుప్పటి ఇస్తారు, ఎలుకను ఇస్తారు. తిరిగి రానివ్వరు.

ఆ ఎలుక మా ఆయన పోలినాయుడిది. మళ్లీ మళ్లీ పరీక్ష చేశాను. మారలేదు.

నమోదు 2, మంగళవారం

పోలినాయుడు నాకు మేనమామ కొడుకు. పెళ్లయ్యాక కూడా బావా అనే పిలుస్తాను. పొద్దున అంబలిలో ఉల్లిపాయ కొరుక్కుంటుంటే చెప్పేశాను.

"బావా, నీ ఎలుక కడుపులో గీకుడు క్రిమి ఉన్నాది."

"నాకేటీ నేదే. నిన్న మూడు గిన్నెల అంబలి తాగినాను."

"దానికుంటే నీకున్నట్టే."

"అదేటి నాయం పైడీ? దానికి నా పేరెట్టినారు గానీ అది నా కడుపున పుట్టినాదేటి?"

బయట ఏం తిన్నావని అడిగాను. బావ కప్పు మేస్త్రీ. పగిలిన అద్దాలు మార్చడానికి ముసుగు తగిలించుకుని కప్పు మీదికెక్కుతాడు. చాలాసేపు గిన్నెలోకి చూశాడు. ఆ గిన్నెలో చూడ్డానికి ఏమీ లేదు.

"పైన తూములో గోంగూర మొలిసినాది" అన్నాడు చివరికి. "ముసుగు తీసి రెండాకులు నమిలినాను. పుల్లగా ఎంత బాగున్నాదో. నీకూ తెద్దుననుకున్నాను గానీ తిడతావని తేనేదు."

అప్పుడు తిట్టాను. తిన్నందుకు కాదు, తేనందుకు. గోంగూర రుచి ఎలా ఉంటుందో నేను మరిచిపోయి చాలా ఏళ్లయింది.

తిట్లయిపోయాక గట్టు మీద ఏముంటుందని అడిగాడు. నాకు తెలియదు. పంపినవాళ్లెవరూ వచ్చి చెప్పలేదు, రావడానికి వీల్లేదు గనక. గాలి, బురద, పీతలు ఉంటాయంటారు. నాకు భయంగా ఉంది. బావ లేని ఇల్లు ఎలా ఉంటుందో నేను ఊహించలేను, ఊహించదలుచుకోలేదు.

పరీక్ష ఫలితం మీద నేను సంతకం చేస్తేనే అది పాలకమండలికి వెళ్తుంది. ఇంకా చేయలేదు. సిరా లేదని చెప్పాను.

నమోదు 3, శుక్రవారం

పొద్దున తలుపు తీయగానే నా సహాయకురాలు అసిరమ్మ ఎదురొచ్చింది. "అమ్మగారూ, ఒకటో వరసలో జోగారావు మేస్టారు సచ్చిపోయున్నారు" అంది. మా శాలలో ఎలుకల్ని మనుషుల పేర్లతోనే అంటాం.

వెళ్లి చూస్తే నిజమే. గూటి మూల ముడుచుకుని ఉంది. బొచ్చంతా నిక్కబొడుచుకుని ఉంది. పక్క గూళ్లలో కూడా రెండు మూడు అలాగే ముడుచుకున్నాయి. ఏదో జ్వరం. పేరు మార్చడానికి ఎదిగిన పిల్ల ఎలుక ఒక్కటీ సిద్ధంగా లేదు. నిబంధన ప్రకారం వెంటనే మరణ ధ్రువీకరణ రాశాను. దానికి మాత్రం సిరా దొరికింది.

మధ్యాహ్నం సందర్శన వేళకి జోగారావు మాస్టారు ఇస్త్రీ పంచెతో వచ్చారు. ఊళ్లో సంగీతం చెప్పేది ఆయనొక్కరే. దాచి లాభం లేదు.

"మాస్టారూ, మీరు పొద్దున పోయారండీ."

కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "బాధపడ్డానా అమ్మా?" అని అడిగారు.

"లేదండీ. నిద్రలోనే."

"అదొకటి నయం" అన్నారు.

సాయంత్రం పరామర్శకు వెళ్లాను. మాస్టారే తలుపు తీశారు, మాస్టారే టీ ఇచ్చారు. వచ్చినవాళ్లంతా ఆయన గుణగణాలు చెప్పుకుంటుంటే ఓ పక్కన కూచుని విన్నారు. ఒకాయన, కల్యాణి పాడితే ఆయనే పాడాలి అన్నాడు. "కల్యాణి కాదు నాయనా, నా బలం ఖరహరప్రియ" అని దిద్దారు. బొట్టు తీయాలా వద్దా అని ఆయన భార్య నన్నడిగింది. "నేనింకా ఉండగా ఎందుకే" అని ఆయనే జవాబిచ్చారు. ఆవిడ తీయలేదు. నిబంధన ఏమంటుందో నేనూ చెప్పలేదు.

నమోదు 4, బుధవారం

ఒకటో వరస దాదాపు ఖాళీ అయింది. రెండో వరసలో మొదలైంది.

పోయినవాళ్లకి పెరుగు లేదని సరుకుల కిటికీలో బోర్డు పెట్టారు. గొడవ చేయడానికి వెళ్లినవాళ్లని, పోయినవాళ్ల ఫిర్యాదులు తీసుకోం అని తిప్పి పంపారు. అయితే ఇందులో సుఖం కూడా ఉందని జనం తొందరగానే కనిపెట్టారు. పోయినవాడు పనికి రానక్కర్లేదు. మెట్ల కింద చేరి పొద్దస్తమానం పేకాడుతున్నారు. ఇవాళ కొళాయిల్లో నీళ్లు రాలేదు. మోటారు వేసేవాడి కోసం మనిషిని పంపితే వాడు దుప్పటి కప్పుకుని పడుకునే జవాబు చెప్పాడట. "నాను సచ్చిపోనాను గదా. సచ్చినోడు ఒదిలిన నీళ్లు బతికున్నోలు తాగుతారేటి, అరిష్టం కాదేటి" అన్నాడట. అరిష్టం మాట ఎలా ఉన్నా నేను రెండు బిందెలు మోసుకొచ్చుకున్నాను. నడుం పట్టేసింది.

బావ ఫలితం మీద సంతకం కోసం పాలకమండలి నుంచి కబురొచ్చింది. ఇన్ని మరణాల మధ్య తీరిక లేదన్నాను. నిజమే కూడా. కానీ అమావాస్య ఎవరి తీరిక కోసమూ ఆగదు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి చివర రాస్తున్నాను, రాయాలనిపించక. జోగారావు మాస్టారికి ఇవాళ నిజంగానే జ్వరం తగిలింది. ఒళ్లు కాలిపోతోంది, మాట తడబడుతోంది. ఎలుకలు ముందు, మనుషులు వెనక. ఈ శాల కట్టిందే అందుకు. ఆ సంగతి అందరం మరిచిపోయి మరణ ధ్రువీకరణలు రాసుకుంటూ కూచున్నాం. నేనే ఎక్కువ రాశాను.

నమోదు 5, గురువారం

నాలుగో గూటిలో బావ ఎలుకతో పాటు అతని పేకాట మిత్రులవి మూడున్నాయి. మిత్రులు కలిసుంటే ఎలుకలూ కలిసుండాలని ఎప్పుడో అర్జీ పెట్టి సాధించుకున్నారు. వాటి చుట్టూ ఉన్న గూళ్లన్నీ ఖాళీ. ఈ నాలుగూ మాత్రం చక్రమెక్కి తిరుగుతున్నాయి. బావ ఎలుక నా వేలు కూడా కొరికింది. ఇంత జ్వరంలో కొరికే ఓపిక ఉన్న ఎలుకను చూసి నాకు కోపం రాలేదు, ఆశ పుట్టింది.

నాలుగింటి రక్తమూ తీసి చూశాను. కాపలా కణాలు కిటకిటలాడుతున్నాయి. శుభ్రమైన ఎలుకల రక్తం పక్కన పెట్టి చూస్తే సంగతి అర్థమైంది. మా ఎలుకల కడుపుల్లో, మా కడుపుల్లోనూ, ఇన్నేళ్లుగా ఏ అల్లరీ లేదు. కాపలావాళ్లు మంచి నిద్రలో ఉన్నారు. జ్వరం వచ్చి తలుపు తోస్తే లేచి కళ్లు నులుముకునేసరికే ఇల్లు గుల్లవుతోంది. నాలుగో గూటిలో ఆ విషం పేగు గోడను రోజూ గీకుతూనే ఉంది. అక్కడి కాపలావాళ్లకి కన్ను మూసే అవకాశం లేదు. జ్వరం వచ్చినప్పుడు వాళ్లు మెలకువగానే ఉన్నారు.

మరి గోంగూర తిన్నది ఒక్క బావే కదా, మిగతా మూడింటికీ క్రిమి ఎలా వచ్చింది? ఎలుకలు ఒకదాని పెంటికలు ఇంకొకటి తింటాయి. రాయడానికే రోతగా ఉంది. చదివేవాళ్లు లేరు గనక రాస్తున్నాను.

ఇంకోటి కూడా రాయాలి. సన్న గొట్టం కెమెరా పెట్టి బావ ఎలుక పేగు లోపల చూశాను. గోడ అక్కడక్కడ ఎర్రగా కందింది. ఒకచోట దళసరిగా తయారైంది. కాపలా ఉట్టినే దొరకదు. ఇప్పటికి ఎలుక హుషారుగానే ఉంది. ముందు ముందు ఆ దళసరి ఏమవుతుందో నాకు తెలియదు.

నమోదు 6, ఆదివారం

రెండో వరసలో బతికున్న గూళ్లలో ఒకటి విడిచి ఒకదాంట్లో నాలుగో గూటి పొట్టు గుప్పెడు వేశాను. ఎవరి గూళ్లో అన్నది చూడలేదు. చూస్తే ఇష్టులకే వేశానంటారు. వేసిన రోజు భోజనం సయించలేదు. ఇటు ఉన్నవాళ్లు బతకొచ్చు, అటు ఉన్నవాళ్లు పోవచ్చు, తేడా అంతా నా గుప్పెట్లో ఉంది. ఎలుకలే కదా అనుకుందామంటే వాటికన్నిటికీ పేర్లున్నాయి.

పొట్టు వేసిన గూళ్లలో ఒక్క ఎలుకా పోలేదు. వేయని గూళ్లలో ఉన్నవి ముడుచుకుంటున్నాయి. చూస్తూ ఊరుకోలేక వాటిలోనూ వేసేశాను. సగం లేచాయి. ప్రయోగం పాడైందని నాలోని అధికారి గొణిగింది. దాన్ని నోరు మూసుకోమన్నాను.

నా ఎలుక సంగతి చెప్పలేదు కదూ. అధికారి ఎలుకను ఎవరితోనూ కలపకూడదు. గాలి కూడా వడగట్టి పంపే అద్దాల పెట్టెలో అది ఒంటరిగా ఉంటుంది. మచ్చలేని ఎలుక ఎలా ఉంటుందో పోల్చి చూసుకోవడానికి ఊళ్లో ఒక్కటైనా ఉండాలని. ఏ జ్వరమూ దాని దగ్గరికి రాదు. దానికి పొట్టు వేయలేదు.

నమోదు 7, సోమవారం

పాలకమండలి ముందుకెళ్లాను. అధ్యక్షురాలు అప్పలనర్సమ్మ గారు పెద్ద కుర్చీలో, పక్కన పట్టు దిండు మీద ఆవిడ ఎలుక. గౌరవం కోసం దాన్ని శాలలో కాకుండా ఇంట్లోనే పెంచుకుంటుంది. మాట్లాడేటప్పుడు ఇద్దరినీ చూస్తూ మాట్లాడాలి.

ఉన్నదున్నట్టు చెప్పాను. నాలుగో గూటి పెంటికలు తిన్న ఎలుకలు బతికాయి, కాబట్టి అన్ని ఎలుకలకీ పెడదాం, ఎలుకకూ మనిషికీ కడుపు ఒకటే ఉండాలి కాబట్టి మనుషులకీ మాత్ర చేసి మింగిద్దాం అన్నాను.

సభ్యుల్లో ఒకాయన లేచాడు. "అంటే మేమంతా పోలినాయుడిది తినాలా?"

"ఎండబెట్టి, శుద్ధిచేసి, మాత్ర గొట్టంలో పెట్టి ఇస్తానండీ."

"గొట్టంలో ఎట్టినా ఎవడిదో తెలుసు గదమ్మా" అన్నాడు. "మా ఇంటి ఎలక ఎవలి ఎంగిలీ ముట్టదు. వొంశంలో నేదు."

ఇంకొకాయన, కప్పు మేస్త్రీది కాకుండా మండలి సభ్యుల్లో ఎవరిదైనా వాడితే మర్యాదగా ఉంటుందన్నాడు. సభ్యుల కడుపుల్లో ఏమీ లేదని, అదే జబ్బని వివరించాను. ఆయనకు కోపమొచ్చింది. ఆ మాటను రికార్డుల్లోంచి తీసేయించాడు.

వాదన ఇలా సాగుతుండగానే అప్పలనర్సమ్మ గారి ఎలుక దిండు మీద ముడుచుకుని బొచ్చు నిక్కబెట్టింది. అందరం చూశాం. ఆవిడ రెండు చేతులూ గుండెల మీద వేసుకుంది. నిర్ణయం అప్పటికప్పుడే అయిపోయింది.

"తే అమ్మా, ఎవలిదైతేనేటి" అంది. "ముందు నాకూ దీనికీ తే."

నమోదు 8, గురువారం

మా బావ ఊరికి పెద్దమనిషైపోయాడు.

అతను ఏం తింటే ఊరు అదే మింగుతుంది కాబట్టి ఇంటింటి నుంచీ కూరలొస్తున్నాయి. పుట్టగొడుగుల వేపుడు, వంకాయ పులుసు, ఇంకోటి ఇంకోటి. నాకు మాత్రం ఎవరూ ఏమీ పంపలేదు. పొద్దున మా ఇంటి ముందు జనం. మైకు కూడా కట్టారు. "పోలినాయుడు గారు లోపలికెళ్లినారు" అని ఊరంతా వినిపించేలా చెబుతున్నారు. తర్వాత ఎవరూ మాట్లాడరు. కాసేపటికి "ఇంకా నేదు" అంటారు. ఇలా అయితే ఏ మనిషికైనా ఎలా వస్తుంది? బావ లోపలినుంచి "పైడీ, ఆ మైకు ఆపమని సెప్పవే, నా వొల్ల కాదు" అని అరిచాడు. నేను వెళ్లి తీగ పీకేశాను. పని జరిగింది. జనం చప్పట్లు కొట్టారు. బావ చాలాసేపు బయటికి రాలేదు, సిగ్గుపడి.

మాత్రలు నేనే చేశాను. క్రిమి పట్టిందో లేదో పరీక్షలతో తేల్చే తీరిక లేదని అప్పలనర్సమ్మ గారు ఆజ్ఞ వేసింది. మాత్ర గొంతు దిగిన క్షణం నుంచీ ఆ మనిషి కడుపులో గీకుడు క్రిమి ఉన్నట్టే లెక్క. ఊరు ఊరంతా వరసలో నిలబడి కళ్లు మూసుకుని మింగింది. గుమ్మం దగ్గర ముక్కు పట్టుకున్నవాళ్లు కొందరు, దండం పెట్టి మింగినవాళ్లు కొందరు. మాస్టారికి నేనే నోట్లో వేసి నీళ్లు పోశాను. పోల్చి చూడ్డానికి అద్దాల పెట్టె, దాని మనిషి అలాగే ఉండాలన్నారు కాబట్టి నేనొక్కదాన్నే మింగలేదు. నిజం చెప్పాలంటే అందుకు సంతోషించాను.

నమోదు 9, ఆదివారం

జ్వరాలు తగ్గాయి. మాస్టారు లేచి కూచుని గంజి తాగారు. దళసరి గోడ సంగతి మండలికి రాసి పంపాను. బతికుంటే కదా దళసరి అని జవాబొచ్చింది. అందులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

పోయినవాళ్లను మళ్లీ బతికించడానికి చట్టంలో దారి లేదు. పుట్టించడానికి ఉంది. అందరికీ కొత్త పిల్ల ఎలుకలు, కొత్త జనన పత్రాలు ఇచ్చాం. దాంతో జోగారావు మాస్టారు చట్టం దృష్టిలో చంటిబిడ్డ. రోజుకో గ్లాసు పాలు ఇస్తున్నారు గానీ యుక్తవయసు వచ్చేదాకా పాఠాలు చెప్పనివ్వరట. ఆయన పాలు తాగుతూ నాకు ఖరహరప్రియ వినిపించారు. గొంతు కొంచెం వణికినా బాగుంది.

సాయంత్రం అప్పలనర్సమ్మ గారు మా ఇంటికే వచ్చింది, పళ్లెంలో శాలువా పెట్టుకుని. ఎలుక ఆవిడ భుజం మీద హుషారుగా ఉంది. రేపు బావకు సన్మానం అంది. నాకు కళ్లు చెమర్చాయి. చెమర్చినంతసేపు లేదు ఆ సుఖం.

"సన్మానం అయినాక గట్టుకి పంపడం" అంది. "రేపే అమాస గదా."

నాకు అర్థం కాలేదు. "ఊరంతటికీ ఉన్నాది గదమ్మా క్రిమి" అన్నాను.

"ఉన్నాది. ఊరందర్నీ పంపితే ఊరేటుంటాది పైడమ్మా? అలగని ఎవల్నీ పంపకపోతే సట్టమేటుంటాది? అందుకని మూలాన్ని పంపుదామని తీర్మానం సేసినాం. మూలం మీ ఆయనే."

"మిమ్మల్ని బతికించినోడమ్మా."

"అందుకే గదా శాలువా" అంది. ఆవిడ వెటకారంగా అనలేదు. కళ్లల్లో నీళ్లు కూడా ఉన్నాయి. "ఇంకోటి. ఆ గట్టు తలుపు మీద శుబ్రమైన సెయ్యే పడాల. ఇప్పుడు ఊల్లో శుబ్రమైన సెయ్యి నీదొక్కటే. నువ్వే తీయాల తల్లీ."

ఆవిడ వెళ్లాక బావ శాలువా చేత్తో తడిమి చూశాడు. "మంచి ఉన్ని" అన్నాడు. "గట్టు మీద సలికి పనికొస్తాది." ఆ మాటకు నేను ఏడ్చాను. బావ నా పక్కన కూచుని శాలువా నా మీద కప్పాడు.

నమోదు 10, సోమవారం, అమావాస్య

మిగిలిన మాత్రల డబ్బా శాలలో ఉంది. పొద్దున వెళ్లి ఒకటి తీసి కొంగుకి కట్టుకున్నాను. అప్పటికింకా ఏం చేస్తానో నాకే సరిగా తెలియదు. దళసరి గోడ కళ్లముందు ఆడుతూనే ఉంది. మింగినవాళ్లు తెలియక మింగారు. నాకు తెలుసు. నాకు మొదటినుంచీ శుభ్రం పిచ్చి అని ఊళ్లో చెప్పుకుంటారు, నిజమే. ఎవరి కంచంలోనూ చెయ్యి పెట్టను. బావ తాగిన గ్లాసులో కూడా తాగను. అన్నీ ఆలోచించాను.

తలుపు దగ్గర మేళం, దండలు, జనం. పేకాట మిత్రులు ముగ్గురూ వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. మైకులో బావ త్యాగం గురించి మాట్లాడుతున్నారు. బావ శాలువా కప్పుకుని, చేతిలో ఎలుక గూడు పట్టుకుని, ఎవరైనా దండం పెడితే తిరిగి దండం పెట్టలేక తల ఊపుతున్నాడు. పొద్దున అంబలి కూడా తాగలేదు.

"పైడమ్మా, వేళైనాది" అంది అప్పలనర్సమ్మ గారు.

నేను తలుపు దగ్గరికెళ్లాను గానీ గడియ మీద చెయ్యి వేయలేదు. కొంగు ముడి విప్పి మాత్ర తీసి అందరూ చూస్తుండగా నోట్లో వేసుకున్నాను. నీళ్లు లేవు. గొంతులో అడ్డం పడింది. బావ గూడు కింద పెట్టి పరిగెత్తుకొచ్చి మేళగాడి చెంబు లాక్కుని నా నోట్లో నీళ్లు పోశాడు. దిగింది.

మేళం ఆగిపోయింది. "ఏటి సేసినావు?" అంది అధ్యక్షురాలు.

"గొంతు దిగింది గదమ్మా. ఆ క్షణం నుంచే లెక్క అన్నది మీరే" అన్నాను. "నా చెయ్యి ఇప్పుడు శుభ్రం కాదు. ఎవరిది శుభ్రమో వాళ్లొచ్చి తలుపు తీయండి."

ఆవిడ జనం వైపు తిరిగింది. "శుబ్రమైనోలు ఎవలైనా ఉన్నారా?" అని మైకులో అడిగింది. ఎవరూ కదల్లేదు. మాస్టారు ముందుకొచ్చారు. "నేను చంటిబిడ్డనమ్మా, నాకు అర్హత లేదు" అన్నారు, ఆవిడ అడగకుండానే. మండలి సభ్యులు నిబంధనల పుస్తకం తెచ్చి అక్కడే తిరగేశారు. శుభ్రమైన చెయ్యి దొరికేదాకా తీర్మానం అమలు వాయిదా అని చివరికి రాసుకున్నారు. మేళగాళ్లు తమకు చెప్పింది వాయించకపోతే బాగుండదని మిగిలిన పాట వాయించేశారు. మేం ఆ పాట అయ్యేదాకా నిలబడి ఇంటికొచ్చేశాం.

గూడు దించాక బావ "కడుపులో ఎలగున్నాది?" అని అడిగాడు.

"గీకుతున్నట్టున్నాది" అన్నాను.

"అలవాటైపోతాది" అన్నాడు.

నమోదు 11, మంగళవారం

ఎలుకకూ మనిషికీ కడుపు ఒకటే ఉండాలి. పొద్దున అద్దాల పెట్టె తెరిచాను. నాలుగో గూటి పొట్టు చిటికెడు వేశాను. నా ఎలుక ఆ పెట్టెలో పుట్టినప్పటినుంచీ ఇంకో ఎలుక వాసన ఎరగదు. వెనక్కి వెళ్లింది, ముందుకొచ్చింది, మీసాలు ఆడించింది. అసిరమ్మ పక్కన నిలబడి "తినమ్మా, తిను" అని బతిమాలింది. కాసేపటికి తినేసింది.

ఫలితాల పుస్తకంలో నా పేరు పక్కన, ఉంది, అని రాశాను.

బావ ఎలుక పేగు మళ్లీ చూశాను. ఆ దళసరి చోటు కాస్త పెరిగినట్టనిపించింది. పెరిగిందా, అన్ని పేగులూ అంతేనా అని తేల్చుకోవడానికి మచ్చలేని ఎలుకను పక్కన పెట్టి చూడాలి. అలవాటుగా అద్దాల పెట్టె వైపు తిరిగాను. అది ఖాళీగా లేదు గానీ అందులో ఉన్నది ఇప్పుడు మచ్చలేని ఎలుక కాదు. ఊళ్లో ఎక్కడా లేదు. ఈ విషం మాకు మేలు చేస్తోందో, మెల్లగా తినేస్తోందో చెప్పగలిగిన ఒక్క సాక్షినీ నా చేత్తోనే చెరిపేశాను. అధికారిగా నేను చేసిన అతి పెద్ద తప్పు ఇదే. ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను.

మధ్యాహ్నం ఇంటికెళ్తే బావ వంకాయలు కోస్తున్నాడు. ముక్కలు పెద్దగా కోశాడని తిట్టాను.

"చిన్నగా కొయ్యమంటావా?" అన్నాడు.

"వద్దులే, ఉండనీ" అన్నాను.